తీపి తగ్గేదెలా? స్నిగ్ధం చేరేదెలా? ఏరి తినేవారికి చరకుడు చెప్పిన పాదక్రమం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి గోదావరి డెల్టా అన్నానికీ, చెరకుకూ, కొబ్బరికీ పుట్టినిల్లయింది. పంటతోపాటు తీపి కూడా ఈ సీమ భోజనంలో స్థిరపడింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టంకాజా ఏ పెళ్ళికి వెళ్ళినా ఎదురవుతాయి. మన పులుసులోనూ, దప్పళంలోనూ బెల్లంముక్క పడవలసిందే. ఇవి మన సంస్కృతిలో భాగాలు. వాటిని నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే పండుగనాటి తీపి నిత్యకృత్యమైనపుడు, శరీరశ్రమ తగ్గినపుడు, మధుమేహం ఇంటి గడప తొక్కుతుంది.

నా వద్దకు వచ్చేవారిలో చాలామందికి ఏది మంచిదో తెలుసు. "తెలిసినా నోటికి ఎక్కదండీ" అన్నదే వారి బాధ. కూరలు గిట్టవు, చేప వాసన పడదు, కొత్త రుచి అంటేనే విముఖత. ఇటువంటివారికి పథ్యాల జాబితా చేతికిచ్చి పంపితే అది వారం దినాలు కూడా నిలవదు.

శాస్త్రం చూపిన దారి

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఇందుకు చక్కని ఉపాయం ఉన్నది. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా విడువరాదు. మొదట నాలుగవ వంతు విడిచి, ఆ ఖాళీలో నాలుగవ వంతు హితమైనదానిని చేర్చాలి. తరువాత సగం, ఆపైన ముప్పాతిక. మెట్టుకూ మెట్టుకూ నడుమ కొన్ని దినాల ఎడం ఉండాలి. అలవాటుపడిన ఆహారాన్ని ఆయుర్వేదం సాత్మ్యం అంటుంది. సాత్మ్యాన్ని బలవంతాన తెంచితే శరీరమూ, మనస్సూ రెండూ ఎదురుతిరుగుతాయి. చరకుడు దినాల లెక్కలో చెప్పిన ఎడాన్ని నేను నేటి గృహస్థులకు రెండేసి వారాలుగా పాటింపజేస్తున్నాను.

ఒక ఉపాధ్యాయుని అనుభవం

అమలాపురం ప్రాంతపు ఉపాధ్యాయులొకరు నలభై రెండేళ్ళ వయస్సులో నన్ను కలిశారు. తండ్రిగారు మధుమేహంతో చూపు కోల్పోయారు. తనకు మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.2 వచ్చింది. అది ఇంకా మధుమేహం కాదు, దాని ముంగిలి. ఆయన బెండకాయ బంక అంటారు, వంకాయ జిగురు అంటారు, చేపను దగ్గరకు రానివ్వరు.

"తినలేనివి వద్దు, ఇష్టంగా తినేవన్నీ చెప్పండి" అన్నాను. లెక్కిస్తే పదకొండు తేలాయి: అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, బంగాళాదుంప వేపుడు, పెరుగు, ఇడ్లీ, పల్లీల చట్నీ, పెసరట్టు, కాఫీ, కాజా. ఈ పదకొండింటిలోనే మార్పు మొదలుపెట్టాము.

రోజుకు నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల పంచదార. చెంచా సుమారు 5 గ్రాములు గనుక కాఫీలోనే 40 గ్రాములు. రెండువేల కేలరీల ఆహారం తీసుకునేవారు విడిగా కలిపే చక్కెరను 50 గ్రాములకు లోపల ఉంచాలనీ, 25 గ్రాములకు తగ్గిస్తే మరింత మేలనీ 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సాయంకాలపు కాజా దీనికి అదనం.

మొదటి మెట్టులో కాఫీకి ఒకటిన్నర చెంచా, రెండవ మెట్టులో ఒకటి, మూడవ మెట్టులో అర. అదే వరుసలో కాజాను ప్రతిదినం నుండి వారానికి రెండు దినాలకు తెచ్చాము. కాజా లేని సాయంకాలం గుప్పెడు ఉడికించిన వేరుశనగలు. ఇష్టమైన పల్లీల చట్నీలోనే మొదట నాలుగవ వంతు వేయించిన నువ్వులు చేర్పించాను. రుచి మారినట్లు ఆయన గ్రహించలేదు. పెసరట్టుపై అవిసె గింజల కారప్పొడి చేరేసరికి మూడవ నెల వచ్చింది.

ఆరు నెలల తరువాత పరీక్షలో 5.8 వచ్చింది. ఒక్కరి ఫలితం అందరికీ ప్రమాణం కాదు. కాని ఆయన చెప్పిన మరొక మాట గమనింపదగినది: "కాజా రెండు తుంచితే చాలు, మూడవది వెగటుగా ఉన్నదండీ." నాలుకకు తీపి తగ్గించి అలవాటు చేస్తే, కొలది తీపే చాలుననిపిస్తుంది.

ఏ కొవ్వు మంచిది?

తైలాలలో నువ్వుల నూనెకు ఆయుర్వేదం అగ్రస్థానమిచ్చింది. దానిలో అధికభాగం అసంతృప్త కొవ్వులేనని ఆధునిక విశ్లేషణ చెబుతున్నది. వేరుశనగ నూనె కూడా ఈ కోవలోనిదే. నూరు గ్రాముల పల్లీలలో దాదాపు సగం కొవ్వు, నాలుగవ వంతు మాంసకృత్తులు ఉంటాయి. శాకాహారులకు ఒమేగా-3 అవిసె గింజల ద్వారా లభిస్తుంది. చేపలు తినేవారికి కవళ్ళు, కానగంతలు ఉండనే ఉన్నాయి. ఖరీదైన పులస కోసం వరదలదాకా ఆగనక్కరలేదు. వేపుడు కాక పులుసు పెట్టుకోవడం మేలు.

కోనసీమ కొబ్బరిని పచ్చడిగా మితంగా వాడుకోండి. అయితే కొబ్బరినూనెలో నూటికి తొంభైపాళ్ళు సంతృప్త కొవ్వే గనుక దానిని నిత్యం వంటనూనెగా వాడనక్కరలేదు. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యికి అభ్యంతరం లేదు. వనస్పతినీ, మళ్ళీమళ్ళీ కాచిన నూనెనూ మానండి.

బెల్లం సంగతి

"పంచదార మాని బెల్లం వాడుతున్నాం" అని చాలామంది గృహిణులు సంతోషంగా చెబుతారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలున్నా అధికభాగం చక్కెరే. చరకుడు సైతం ప్రమేహానికి కారణాలు చెబుతూ కదలక కూర్చోవడం, అధికనిద్ర, పెరుగు, కొత్తబియ్యంతోపాటు బెల్లపు వంటకాలనూ పేర్కొన్నాడు. కావున బెల్లానికీ పాదక్రమమే వర్తిస్తుంది.

నువ్వులు–అవిసె కారప్పొడి

నువ్వులు, అవిసె గింజలు నూరేసి గ్రాములు, ఎండుమిరపకాయలు పది, జీలకర్ర రెండు చెంచాలు, చింతపండు చిన్న ఉసిరికాయంత, వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, ఉప్పు తగినంత. గింజలను విడివిడిగా, నూనె లేకుండా, సన్నని సెగపై చిటపటలాడేవరకు వేయించాలి. మిరపకాయలను, జీలకర్రను కూడా దోరగా వేయించి, అన్నీ చల్లారిన తరువాత చింతపండు, వెల్లుల్లి, ఉప్పు చేర్చి బరకగా దంచాలి. అవిసె పొడి త్వరగా కమరువాసన వస్తుంది గనుక రెండు వారాలకు సరిపడా చేసి, గాజుసీసాలో పోసి గట్టిగా మూతపెట్టండి. అన్నంలోగానీ, ఇడ్లీపైగానీ రోజుకు రెండు చెంచాలు చాలు. ఏరి తినేవారు అర చెంచాతో ఆరంభించి నీరు బాగా తాగాలి.

జాగ్రత్తలు

కొవ్వు మంచిదైనా గ్రాముకు 9 కేలరీలిస్తుంది. చక్కెర ఇచ్చేది 4. కావున కొత్తగా చేర్చేది పాతదానికి బదులుగా ఉండాలేగాని పైన అదనంగా కాదు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తీపిని, అన్నాన్ని తగ్గించేముందు తమ వైద్యునితో మాట్లాడాలి. లేనియెడల రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదమున్నది. వేరుశనగ, నువ్వులు సరిపడనివారు వాటిని ముట్టరాదు. పసిపిల్లలకు పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డుపడవచ్చును.

ఇంట్లో ఏరి తినేవారుంటే ఈ ఆదివారం వారు ఇష్టపడే పదార్థాలన్నీ ఒక కాగితంపై వ్రాయించండి. అందులో ఒక్కదానిని ఎంచుకుని నాలుగవ వంతు మాత్రమే మార్చండి. రెండు వారాల తరువాత రెండవదానికి వెళ్ళండి. సంక్రాంతికి అరిసె మాత్రం అందరితోపాటు వారికీ ఒకటి పెట్టండి.