రెండో నెల దాటాక

క్షయకు మందు మొదలుపెట్టిన మనిషి రెండు మూడు వారాల్లోనే తేరుకుంటాడు. జ్వరం విడుస్తుంది, దగ్గు తగ్గుతుంది, అన్నం సయిస్తుంది. రెండో నెల దాటేసరికి చేనుకు పోయి పత్తి ఏరగలుగుతాడు. ఇక మాత్రలెందుకని అనిపించేది సరిగ్గా అప్పుడే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో టీబీ అవగాహన పనికి అసలు పరీక్ష ఆ రోజే అని నా నమ్మకం. గోడ మీది రాత అప్పుడు ఆ మనిషిని ఆపలేదు. ఇంటికి వచ్చి, అతని భాషలో మాట్లాడే మనిషి కావాలి.

బాగైనట్టు కనిపించినా మందు ఎందుకు మానకూడదు? రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న లోకానికి చూపించిన క్షయ సూక్ష్మజీవి మహా నిదానస్తురాలు. చాలా బ్యాక్టీరియాలు అరగంటలో ఒకటి రెండవుతాయి. దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. మందులు చురుగ్గా పెరుగుతున్న క్రిములను త్వరగా చంపుతాయి. అందుకే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిపి ఇచ్చే మొదటి రెండు నెలల్లోనే గుణం కనిపిస్తుంది. కానీ కొన్ని క్రిములు దాదాపు ఏ కదలికా లేకుండా పడుంటాయి. అవి మేలుకున్నప్పుడల్లా దెబ్బ తగలాలంటే మందు రోజూ ఒంట్లో ఉండాలి. తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు వాడేది వాటి కోసమే. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది. వేసుకుంటూ మానుతూ ఉంటే మందుకు లొంగని క్రిములు మిగిలి, అవే పెరుగుతాయి.

రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మాత్రలు పారేసేవాళ్లుంటారు. నన్నడిగితే ఆశా కార్యకర్త మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది. పరీక్షకు కళ్లె తీయడం కూడా నేర్పాల్సిందే. డబ్బా చేతికిచ్చి వస్తే చాలామంది ఉమ్మి పట్టిస్తారు. అందులో క్రిమి దొరకదు, ‘టీబీ లేదు’ అని కాగితం వస్తుంది. పొద్దున లేవగానే, నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీ లోతునుంచి దగ్గి తీయాలని చేసి చూపించాలి. కళ్లెలో క్రిమిని పట్టే ట్రూనాట్ లాంటి యంత్రం ఒకటి రెండు గంటల్లో ఫలితం చెప్పగలదు. అయితే దానికి అసలైన కళ్లె అందాలి.

2019–21లో దేశమంతటా జరిగిన క్షయ సర్వేలో, లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడా వైద్యం కోసం వెళ్లలేదని తేలింది. టీబీ ఉన్నవాళ్లలో సుమారు 40 శాతం మందిని పట్టించింది ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే. ‘రెండు వారాలు దగ్గితే ఆసుపత్రికి రండి’ అన్న ప్రచారం అలా లక్షణాలు బయటపడనివాళ్లను చేరనే చేరదు. వాళ్లకోసం ఎక్స్‌రే ఊళ్లోకి పోవాలి. చేత్తో మోసుకుపోగల యంత్రాలు ఇప్పుడున్నాయి. కెరమెరి, తిర్యాణి, లింగాపూర్ కొండల్లోని గూడేలకు అవి ఎంత తరచుగా ఎక్కుతాయన్నదే లెక్క.

ఆ గూడేల్లో ఇంటి భాష గోండి, కొలామీ. వాంకిడి వైపు మరాఠీ. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగాక ఇక్కడికొచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, జైనూర్ దగ్గరి మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు గోండిలోనే మొదలవ్వాలని పట్టుబట్టి, గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించాడు. క్షయ విషయంలోనూ అదే దారి పనికొస్తుంది. గోండులకు రాయి సెంటర్లనే సంప్రదాయ పంచాయతీలున్నాయి, వాటికి పెద్దగా సార్‌మెడి ఉన్నాడు, ఊరికి పటేల్ ఉన్నాడు. దీపావళి ముందు గుస్సాడీ నర్తకులు ఊరూరా తిరిగే దండారి పండుగ ఉంది. అప్పుడు పటేల్ నోట వచ్చిన ఒక్క మాట తెలుగులో వేసిన వంద కరపత్రాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పెద్దల నోట రావాల్సిన మాట మరొకటుంది. రోగికి కంచం వేరు, పడక వేరు చేయడం మానాలి. క్షయ గాలిద్వారా సోకుతుంది, కంచం ద్వారా కాదు. 1956లో మద్రాసులో పేద రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి ఏడాదిపాటు మందులిచ్చారు. గుణంలో పెద్ద తేడా లేదు. ఇంట్లో వైద్యం చేయించుకున్నందువల్ల కుటుంబంలో జబ్బు ఎక్కువ కాలేదని కూడా తేలింది. మందు పడ్డాక అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. వెలివేస్తారన్న భయమే జబ్బును దాచిపెట్టిస్తుంది. దాచిన జబ్బే ఇంటిల్లిపాదికీ సోకుతుంది.

మద్రాసులో ఇంటి దగ్గరున్నవాళ్లు తిన్నది అంతంతమాత్రం తిండి. అయినా మందు పనిచేసింది. అలాగని తిండితో పనిలేదనుకోవద్దు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ‘రేషన్స్’ అధ్యయనం దీన్ని తేటతెల్లం చేసింది. 2,800 మంది రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనిస్తే, నెలనెలా అదనంగా బియ్యం, పప్పు అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రోగి బరువు మొదటి రెండు నెలల్లో 5 శాతం పెరిగితే చావు ముప్పు సగానికి పైగా తగ్గింది. 40 కిలోల మనిషికి అది 2 కిలోలు. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి ఖాతాలో నెలకు వేసే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. బ్యాంకు ఖాతా లేని కొలాం ఇంటికి ఆ డబ్బు చేరేలా చూడడం కూడా అవగాహన పనిలో భాగమే. తిండి సంగతి ఎత్తకుండా మందు గురించి మాత్రమే చెప్పిపోతే ఆకలిగొన్న ఇల్లు వినదు.

పని దొరికే కాలంలో సరిహద్దు దాటి మహారాష్ట్రకు పోయేవాళ్లకు ముందే ఒక సంగతి చెప్పాలి. టీబీ రోగుల ప్రభుత్వ నమోదు అయిన నిక్షయ్‌లో పేరు ఎక్కితే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మందు ఉచితంగా కొనసాగుతుంది. పోయేముందు ఆశాకు ఒక మాట చెప్తే చాలు.

అన్నిటికన్నా కష్టం ఒంట్లో ఏ బాధా లేనివాళ్లను ఒప్పించడం. రోగితో ఒకే కప్పు కింద ఉన్నవాళ్లకు జబ్బు లేదని తేల్చుకున్నాక, అది రాకుండా వారానికోసారి 12 వారాలు మాత్రలిచ్చే పద్ధతి ఇప్పుడుంది. ‘నాకేం కాలేదు గదా, నాకెందుకు?’ అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. క్రిమి ఒంట్లో చేరినా ఏళ్లతరబడి బయటపడకుండా ఉండగలదని, ఒంట్లో బలం తగ్గిన ఏడాది లేస్తుందని అప్పుడు చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఆ ఇంట్లోనే జబ్బు నయమై తిరుగుతున్న మనిషికన్నా తగినవాళ్లు లేరు.