యాళి: లేని మృగమునకు ఉన్న అవయవములు

భువనగిరికి సుమారు 13 కిలోమీటర్ల దూరమున యాదగిరిగుట్ట కలదు. అచ్చటి నరసింహస్వామి ఆలయము 2016 నుండి కృష్ణశిలతో పునర్నిర్మింపబడి, 2022 మార్చి 28న తిరిగి తెరువబడినది. దాని స్తంభములపై యాళి యను వింతమృగము కనిపించును. "ఇది ఏ అడవిలో ఉండును?" అని పిల్లలు అడుగుట సహజము. ఏ అడవిలోను లేదు. కాని దాని అవయవములన్నియు అడవిలోనివే.

యాళికి సింహపు దేహము, జూలు, గోళ్లు ఉండును. కొన్నింటికి ఏనుగు తొండమును, కొమ్ములును చేర్చుదురు. ముఖమునుబట్టి సింహవ్యాళము, గజవ్యాళము, అశ్వవ్యాళము అని పేర్లు కలవు. జంతుశాస్త్రము దృష్టిలో ఇది పొసగని కూర్పు. ఏనుగు కొమ్ములు నిజమునకు పొడవుగా పెరిగిన పైదవడ ముందుపళ్లు. సింహపు పెద్దపళ్లు కోరపళ్లు. ఒకటి గడ్డియు ఆకులును మేయునది, మరియొకటి మాంసము తినునది.

అయినను యాళి బ్రతికియున్నట్లే తోచును. ఏల? శిల్పి కల్పన యంతయు కూర్పులోనే యున్నది, అవయవములలో కాదు. వెనుకకాళ్లపై లేచిన మృగమునకు తొడకండ ఎచ్చట ఉబ్బునో, మోకాలు ఎటు వంగునో అతడు ప్రకృతిని చూచియే చెక్కును. రెండు జంతువులు కలియు చోటు జూలు మాటునను, ఆభరణముల మాటునను మరుగుపడును.

కల్పనకు రాయి కూడ హద్దు విధించును. రాయి పెద్ద బరువును మోయగలదు; వంచినను లాగినను తేలికగా విరుగును. నల్లరాతి వంటి గట్టిరాళ్లు లాగుడుకు ఓర్చు బలము, అదుముడుకు ఓర్చు బలములో సుమారు పదవ వంతో, అంతకు తక్కువో. తొండమున ఎముక లేదు, అంతయు కండరమే, కనుకనే అది ఎటైనను వంగును. ఆ మెత్తని అవయవమును పెళుసురాతిలో చూపవలెనన్న, దాని కొనను రొమ్ముకో, కాలికో, స్తంభమునకో ఆనించి ఉంచుట క్షేమము. ఒక్క ఉలిదెబ్బ తప్పిన తొండముతోపాటు స్తంభమంతటి శ్రమయు వ్యర్థమగును.

ఈ సంప్రదాయము తెలంగాణమునకు కొత్త కాదు. 1213లో పాలంపేటలో వెలసిన రామప్ప గుడి చూరు క్రింద, నల్లరాతి మదనికల సరసనే గజకేసరి మూర్తులు నిలిచియున్నవి.

ఈసారి గుట్టకు వెళ్లినప్పుడు యాళి ముఖమును మాత్రమే చూచి మరలిపోవలదు. తొండపు కొన ఎచ్చట ఆనినదో వెదకుడు. శిల్పి ఊహ, రాతి స్వభావము సంధి చేసికొన్న చోటు అదియే.