కారు నల్లపొగ విడిచినప్పుడు

మా కోయంబత్తూరు తెలుగువారికీ మోటారుబండికీ చుట్టరికం పాతది. కీర్తిశేషులు జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి–పళని దారిలో వ్యాపారం మొదలుపెట్టిన సంగతి మన పిల్లలకు కూడా తెలిసినదే. ఆ గాలి సోకినందువల్లనే కాబోలు, మనవాళ్ల పాతయిళ్ల షెడ్లలో యిప్పటికీ ఒక ఫియెట్టో, పద్మినో, అంబాసిడరో గుడ్డ కప్పుకొని కనబడుతూ వుంటుంది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయింది. బొంబాయి వీధులలో పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది. అయినా తండ్రిగారు కొన్న బండిని తూకానికి అమ్మటానికి ఎవరికి మనసొప్పుతుంది?

అట్టి బండ్ల విషయమై మా చెవిని తరచు పడే ఫిర్యాదు ఒకటే: “పెట్రోలు తెగ తాగుతున్నది, వెనక నల్లపొగ వస్తున్నది, షెడ్డంతా పెట్రోలు కంపు.” మిక్చరు రిచ్చి అయిందని పనివాళ్లు అంటారు. ఆ వెంటనే చాలామంది కార్బురేటరే మార్చవలెనంటారు, లేదా స్క్రూడ్రైవరు పుచ్చుకొని కనబడిన మరనల్లా తిప్పుతారు. ఈ రెండూ చివర చేయవలసిన పనులే గాని మొదట చేయవలసినవి కావు.

డబ్బునష్టం ఒక్కటే అయితే మేము యింత వ్రాయనక్కరలేదు. గాలి చాలక పెట్రోలు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు విస్తారంగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు వుండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. దాని పట్టు ప్రాణవాయువు పట్టుకన్న 200 రెట్లకు పైగా గట్టిది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం మొదటి గుర్తులు. కనుక తలుపు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. ఒక్క నిమిషమే కదా అని కూడా నడపకూడదు. డిక్కీ రబ్బరు చినిగిన కారులోనైతే ఆ వాయువు వెనకసీటు దాకా వస్తుంది. అక్కడ కూర్చునేది సాధారణంగా ఆడవారూ పిల్లలూను. యిక ఇంజను మాట చూస్తే, కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగివేసి కిందికి దిగుతుంది. ఆయిలు పలచబడి పిస్టన్లూ బేరింగులూ అరిగిపోతాయి.

అసలు రిచ్చి అంటే ఏమిటి? లాంతరు వత్తి మరీ పెంచితే చిమ్నీకి మసి పడుతుంది గదా, యిదీ అంతే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 14.7 కిలోల గాలి కావలె. మరొక విధంగా చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు 9,000 లీటర్ల గాలి. ఈ పాలు కలిపి ఇంజనుకు అందించేదే కార్బురేటరు. పెట్రోలు పాలు పెరిగినా, గాలి పాలు తరిగినా ఫలితం ఒకటే, మసి. పెట్రోలు పెరిగిందా, గాలి తరిగిందా అని తేల్చుకోకుండా మరలు తిప్పేవాడు నాడి చూడకుండా మందిచ్చే వైద్యునివంటివాడు.

మొదట రోగం అదేనా అని చూడవలె. నీలిపొగ వస్తే కాలుతున్నది ఆయిలు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానించవలె. నల్లపొగ మాత్రమే పెట్రోలుది. తరువాత నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండరుదో తెలిసేటట్టు వరుసగా పెట్టండి. నాలుగింటికీ పొడిగా, మఖమలు గుడ్డవలె నల్లమసి వుంటే తప్పు కార్బురేటరు వైపున వున్నది. ఒక్కదానికే మసి వుంటే ఆ సిలిండరుకు కరెంటు సరిగా అందటం లేదేమో చూడవలె గాని కార్బురేటరును నిందించి లాభం లేదు. మసి తడిగా, జిడ్డుగా వుంటే అది ఆయిలు.

దీనికి మరొక సాక్షి మన చేతిలోనే వున్నది, ఎవరూ చదవరు. పొగ పరీక్ష చేయించినప్పుడు యిచ్చే కాగితం మీద రెండు అంకెలు వుంటాయి. కార్బన్ మోనాక్సైడు యింత శాతం అన్నది ఒకటి, కాలని పెట్రోలు ఆవిరి యింత అన్నది రెండవది. 2000కు పూర్వపు కార్లకు మొదటిదాని హద్దు 3 శాతం. మొదటి అంకె హద్దు దాటితే మిక్చరు రిచ్చి. మొదటిది మామూలుగా వుండి రెండవది మాత్రమే పెరిగితే ఎక్కడో నిప్పురవ్వ తప్పుతున్నదని అర్థం. ఆ కాగితాన్ని అద్దానికి అంటించి మరచిపోకుండా పనివానికి చూపించండి.

గాలి సంగతి తేల్చటం సులభం. ఎయిర్‌క్లీనరు విప్పి, వేడెక్కిన ఇంజనును కాసేపు నడిపి చూడండి. నడక నున్నగా మారితే ఫిల్టరు పూడినదన్నమాట. ఆయిలు పోసే రకం ఫిల్టరులో గుర్తుకు మించి పోసినా యిదే గతి.

చోకు సంగతి చూడండి. చల్లని ఉదయాన బండి లేవటానికి చోకు లాగుతాము. తిరిగి లోపలికి నెట్టినా, తీగె తుప్పుపట్టి అవతలికొస పూర్తిగా వెనక్కు పోదు. డాష్‌బోర్డు మీద గుండీ లోపలనే వున్నది కదా అనుకుంటాము. బానెట్టు ఎత్తి కార్బురేటరు దగ్గర కంటితో చూడవలె. కొన్నింటిలో చోకు రేకు గొంతుకు అడ్డంగా వుంటుంది. కొన్ని సొలెక్సులలో విడిగా ఒక చిన్న బిళ్ల తిరిగి అదనపు పెట్రోలు దారి తెరుస్తుంది. పాత అంబాసిడర్ల ఎస్.యు. కార్బురేటరులో చోకు లాగితే జెట్టే కిందికి దిగుతుంది. ఏ రకమైనా సరే, వెనక్కు వచ్చినదా లేదా అన్నదే ప్రశ్న.

రెండూ సరిగా వుంటే అప్పుడు ఫ్లోటు. యింటిమీది నీళ్ల తొట్టిలో బంతి పైకి తేలి కొళాయిని మూస్తుంది గదా, కార్బురేటరు తొట్టిలో ఫ్లోటు చేసే పనీ అదే. అది పైకి తేలి నీడిలు వాల్వును నొక్కి పెట్రోలును ఆపుతుంది. అది సరిగా మూయకపోతే తొట్టిలో మట్టం పెరిగి, పిలవకుండానే పెట్రోలు గొంతులోకి కారుతుంది. ఇంజను ఆపిన మరుక్షణం కార్బురేటరు గొంతులోకి తొంగిచూస్తే బొట్లు పడటం కనబడుతుంది. ఇంజను తిరుగుతూ వుండగా ముఖం పెట్టవద్దు, మంట ఎగజిమ్మవచ్చును. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వుండకూడదని వేరే చెప్పాలా?

నిరుడు మా సంఘసభ్యులొకరి పద్మిని లీటరుకు 12 కిలోమీటర్లు యిచ్చేది 7కు దిగింది. ఒక వర్క్‌షాపువారు అంతకు ముందే దానిని విప్పి శుభ్రం చేసి యిచ్చారు. కంప్లయింటు వచ్చాక, కార్బురేటరు అయిపోయిందనీ కొత్తది వేయవలెననీ చెప్పారు. ఆయన ఉసూరుమంటూ మరొక వృద్ధ మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయారు. మేమూ వెంట వున్నాము. “మేస్త్రీగారూ, కొత్తది వేయించమంటారా?” అని అడిగితే, ఆయన పైమూత విప్పి చూచి, “వద్దు సామీ, దీని రోగం గొంతులో లేదు, తొట్టిలో వున్నది,” అన్నాడు. నీడిలు వాల్వు కింద వుండవలసిన వాషరు లేదు. విప్పినవారు తిరిగి వేయలేదు. సొలెక్సులో ఆ వాషరు మందమే పెట్రోలు మట్టాన్ని నిర్ణయిస్తుంది. అది లేకపోతే వాల్వు పైకి పోయి, ఫ్లోటు మరికొంత లేస్తే గాని మూసుకోదు, మట్టం పెరుగుతుంది. రెండు వేస్తే మట్టం తగ్గి బండి ఆకలితో చస్తుంది. టీ ఖర్చుతో వచ్చే వాషరు వేయగా ఆ బండి మరల 12కు వచ్చింది.

వాషరు వున్నా మూడు చూడవలె. నీడిలు మొనకు గీత పడి అరిగినదా, దాని కింద నలుసు చిక్కినదా, ఫ్లోటుకు చిల్లి పడినదా? ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఆడిస్తే లోపలి పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. పొయ్యికి దూరంగా, వేడినీళ్లలో ముంచితే చిల్లి వున్నచోట బుడగలు లేస్తాయి. లోపలి పెట్రోలు పూర్తిగా పోకుండా టంకం వేయబోతే పేలుతుంది, జాగ్రత్త.

పెట్రోలు పంపు కూడా అనుమానితుడే. ఇంజనుకూ పంపుకూ మధ్య వుండే మందపాటి దిమ్మ వేయకుండా కొత్త పంపు బిగిస్తే తోపుడు పెరిగి నీడిలు వాల్వు ఓడిపోతుంది. పంపులోని పొర చినిగితే పెట్రోలు నేరుగా ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు గేజి కడ్డీ తీసి చూస్తే మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడుతుంది. యిది కార్బురేటరు తప్పని పొరబడేవారు చాలామంది.

యిన్నీ చూచిన తరువాతనే జెట్లు. సొలెక్సులో మెయిను జెట్టు అంకె పెద్దదైతే పెట్రోలు ఎక్కువ; ఎయిరు జెట్టు అంకె పెద్దదైతే గాలి ఎక్కువ. ఎయిరు జెట్టు పూడినా మిక్చరు రిచ్చి అవుతుంది. తీగె పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. గాలి పంపుతో ఊదండి. యిక మిక్చరు మర. దానిని ముట్టుకొనే ముందు, పూర్తిగా లోపలికి పోవటానికి ఎన్ని చుట్లు పట్టినదో లెక్కించి కాగితం మీద వ్రాసుకోండి. గుమాస్తా బుద్ధి అని నవ్వినా సరే. మామూలు సొలెక్సులో లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. పూర్తిగా మూసినా ఇంజను నింపాదిగా తిరుగుతూనే వుంటే పెట్రోలు వేరే దారిన వస్తున్నదన్నమాట. మరల ఫ్లోటు దగ్గరకే పోవలె.

ఈమధ్య నల్లపొగకు కొత్త పెట్రోలే కారణమని ఒక మాట వినబడుతున్నది. 2025 నాటికి దేశంలో చాలాచోట్ల పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్న మాట నిజమే. కాని ఇథనాలులో ప్రాణవాయువు వుంటుంది కనుక మిక్చరు పలచబడుతుందే గాని రిచ్చి కాదు. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, ట్యాంకులోని పాత మడ్డిని కదిలిస్తుంది. ఆ మడ్డి వచ్చి నీడిలు వాల్వు కింద చిక్కితే మాత్రం నల్లపొగ తప్పదు. పలచబడిందని పెద్ద జెట్టు వేసి, చేయి మీరి రిచ్చి చేసుకొన్నవారూ వున్నారు.

ప్లాటినం పాయింట్లు కాలిపోయినా, టైమింగు వెనకబడినా పెట్రోలు కంపు కొడుతుంది. అందుకే కరెంటు సరిచేయకముందు మిక్చరు మర జోలికి పోరాదంటాము. ఎండదేశంలో ఎందుకని థర్మోస్టాటు తీసి పారేసిన బండ్లు కూడా వున్నాయి. ఇంజను ఎప్పుడూ సరిగా వేడెక్కక, పెట్రోలు ఆవిరి కాకుండా గొట్టం గోడలకు అంటుకొంటుంది.

మెట్టుపాళయం దాటి ఉదకమండలం ఎక్కేటప్పుడు మాత్రం కొంచెం నల్లపొగ వస్తే గాభరా పడకండి. అది 2,240 మీటర్ల ఎత్తు; అక్కడ గాలి సుమారు ఐదోవంతు తేలిక. మైదానానికి సర్దిన కార్బురేటరు అక్కడ సహజంగానే రిచ్చి అవుతుంది. కొండ మీద మర తిప్పించుకొని దిగివస్తే కింద యిబ్బంది.

తప్పు దొరికి సరిచేసిన తరువాత ఆయిలు తప్పక మార్చండి, పెట్రోలు కలిసినది పనికిరాదు. ప్లగ్గులు శుభ్రం చేసి వేసి, 30, 40 కిలోమీటర్లు నడిపి విప్పి చూడండి. కొసలు లేత గోధుమరంగుకు తిరిగివుంటే ఇక దేనినీ కదిలించనక్కరలేదు.