కొండను చూపిన గురువు

కోనసీమ పిల్లలకు కొండ ఒక వింత. అంబాజీపేటలో ఏ మేడ ఎక్కి చూచినా నలుదిక్కులా కనబడేవి కొబ్బరితలలు, వాటి నడుమ వరిచేలు, కాలువగట్లు. గోదావరి శాఖలు తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. అందుచేతనే విహారయాత్ర మాట రాగానే మా విద్యార్థులందరూ ముక్తకంఠంతో "కొండలకే" అంటారు. పెద్దలు మాత్రం మూడు ప్రశ్నలు వేస్తారు. ఖర్చెంత? పోయే పాఠాలెన్ని? ప్రమాదం మాటేమిటి? 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద పాపికొండల విహారనౌక మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన తరువాత ఆ మూడవ ప్రశ్నకు బరువు హెచ్చింది. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే ఈ మూడింటి నడుమ నాలుగవ ప్రశ్న ఒకటి మరుగున పడుతున్నది. అసలు పిల్లలను కొండకు ఎందుకు తీసుకొనిపోవాలి?

ఈ ప్రశ్నకు మన గోదావరి గట్టుననే ఒక విదేశీయుడు మాటతో కాక చేతతో సమాధానం చెప్పినాడు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండులో థేమ్సు నది ఒడ్డున గల ఆబింగ్డన్‌లో చదువుకొన్న ఆయన 1909లో రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి, 1919 వరకు ఉన్నాడు.

ఆయన అడుగుపెట్టిన కాలం సామాన్యమైనది కాదు. అంతకు రెండేళ్ళ ముందే, 1907లో, వందేమాతరం బిళ్ళలు ధరించినందుకు ఆ ఊరిలోనే విద్యార్థులు బహిష్కరణకు గురైనారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు. తెల్లదొర అనగానే అనుమానంతో చూడడానికి ఆనాటి విద్యార్థులకు తగిన కారణమే ఉన్నది. కూల్డ్రే కూడా ఆ ప్రభుత్వపు జీతగాడే. అయినా ఆయన తన దేశపు అందాలను మన పిల్లలచేత వల్లె వేయించడంతో తృప్తిపడలేదు. స్వయంగా చిత్రకారుడు, కవి అయిన ఆయన ఈ నది ఒడ్డున కూర్చుండి దీనినే చూచినాడు. ఆయన గ్రంథాలలో ఒకదాని పేరులో థేమ్సు ప్రక్కన గోదావరి నిలిచింది. గురువు చూచినదానినే శిష్యులూ చూడ నేర్చినారు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే.

ఆ శిష్యులలో దామెర్ల రామారావు కథ మరీ ముఖ్యమైనది. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఈ బాలుని చేతిలోని రేఖను కూల్డ్రే గుర్తించి, అతనిని అజంతా, ఎల్లోరాలకు వెంటబెట్టుకొని పోయినాడు.

అజంతా అనగా ఏమిటి? వాఘోరా అనే చిన్న యేరు గుర్రపునాడా ఆకారంలో వంపు తిరిగినచోట నిటారుగా నిలిచిన కొండచరియ, ఆ చరియలో దాదాపు 30 గుహలు. అడవి మరుగున పడియున్న వీటిని 1819లో ఒక ఆంగ్లేయ సైనికాధికారి చూచిన తరువాతనే లోకం మరల తెలుసుకొన్నది. వీటిలో తొలినాటివి శాతవాహనుల కాలానివి. ఆ శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానం, నేటి పైఠాన్, గోదావరి ఒడ్డుననే ఉన్నది. అనగా ఆ తెలుగు బాలుడు చూచినది పరాయి దేశపు వింత కాదు, తన పూర్వులు విడిచిపోయిన సంపద. దానిని చూపడానికి సముద్రాలు దాటి ఒకడు రావలసివచ్చింది! ఇందులో మనకు గర్వమూ ఉన్నది, కొంత సిగ్గూ ఉన్నది.

రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి, తిరిగివచ్చి, భారతీయమైన రేఖతో తెలుగు జీవితాన్ని చిత్రించినాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసినాడు. ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి. ఆ యాత్ర పాఠాలకు నష్టమని ఎవరైనా ఆనాడు లెక్కవేసి ఉంటే, మనం పోగొట్టుకొనేది ఎంతటిదో ఆలోచించండి.

నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. కామవరపుకోట సమీపాన గుంటుపల్లి కొండమీద క్రీస్తుకు పూర్వపు బౌద్ధ గుహలు ఉన్నాయి. మొదటిసారి మా విద్యార్థులతో వెళ్ళినప్పుడు గంటలో అన్నీ త్రిప్పి చూపి, ఫొటోలు తీయించి, పులిహోర పొట్లాలు పంచి తీసుకొనివచ్చినాను. మరునాడు ఏమి చూచినారని అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. తప్పు వారిది కాదు. నేను వారిని నడిపించినానే గాని చూడనీయలేదు.

రెండవసారి ఒక్కొక్కరికి కాగితం, పెన్సిలు ఇచ్చి, అరగంట మాట్లాడకుండా కూర్చోమన్నాను. గుండ్రని చైత్యగుహలో కూర్చున్న ఒక కుర్రవాడు తలెత్తి పైకప్పును చూచి చూచి, హఠాత్తుగా, "మాస్టారూ! ఇది మా మామ్మగారి చుట్టింటి కప్పులాగే ఉందండి. వాసాలు కూడా రాతిలో చెక్కేశారండి!" అన్నాడు. నిజమే. కర్రతో, గడ్డితో ఇల్లు కట్టుకొన్న చేతులే ఆ రూపాన్ని రాతిలోనికి దించినాయి. అజంతాలోని తొలినాటి చైత్యాలలోనూ ఈ మర్మమే ఉన్నది. నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్నదానిని అతడు కంటితో చదివినాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, జాగ్రత్తలన్నీ తీసుకొనండి. అనుమతిలేని పడవ ఎక్కనీయకండి, ఎక్కిన పడవలో ప్రతి పిల్లవానికి రక్షక కవచం తొడగండి. కాని భయపడి బడి తలుపులు మూసుకొనవద్దు. పిల్లలలో ఏ రామారావు ఉన్నాడో మనకు తెలియదు. తెలియదు గనుకనే అందరినీ కొండ దగ్గరకు తీసుకొనిపోవాలి. తీసుకొనిపోయి, కాసేపు మనం మౌనంగా ఉండాలి.