పేరుకు కాపలా ఎవరు?

ఉత్తర ఢిల్లీలో, విశ్వవిద్యాలయానికి చేరువలో ముఖర్జీ నగర్ అనే పేట ఉన్నది. బత్రా సినిమా పరిసరాలలో నడిచేవారికి ఇరుపక్కలా కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులు, పాత పుస్తకాల దుకాణాలు, జిరాక్సు అంగళ్లు. సివిల్ సర్వీసు పరీక్షలకు, ముఖ్యంగా హిందీ మాధ్యమంలో చదివే యువతీయువకులు ఇక్కడి ఇరుకు గదులలో ఏళ్ల తరబడి తపస్సు చేస్తారు. 2023లో వచ్చిన ‘ట్వెల్త్ ఫెయిల్’ చలనచిత్రం దేశానికి చూపినది ఈ వీథులనే.

ఈ విద్యార్థుల జీవితంలో ఒక వింత ఉన్నది. ఫలితాల ముందురోజు వరకు పక్క గదిలో ఉన్నవారికి కూడ వారి పేరు తెలియకపోవచ్చు. జాబితా వెలువడిన గంటలో వారి ముఖం, ఊరు, కులం, పాత ఛాయాచిత్రాలు లక్షలమంది ఫోనులలో తిరుగుతాయి. ఆ గంటలో ఆ పేరుకు యజమాని ఎవరు?

2016 మే నెలలో సివిల్ సర్వీసు పరీక్షలో ప్రథమస్థానం పొందిన టీనా దాబీకి ఈ ప్రశ్న వెంటనే ఎదురైనది. ఆమె పేరుతో, ఆమె ఫొటోతో పదుల సంఖ్యలో దొంగ ఫేస్‌బుక్ ఖాతాలు పుట్టుకొచ్చినవి. ఆమె అనని మాటలను ఆమె అన్నట్లుగా ప్రచారం చేసినవి. విజయాన్ని ఆస్వాదించవలసిన రోజులలో, ‘అవి నావి కావు’ అని ఆమె చెప్పుకోవలసి వచ్చినది.

2023 మేలో మరొక విచిత్రం జరిగినది. ఒకే పేరుగల ఇద్దరేసి అభ్యర్థులు ఒకే ర్యాంకు తమదేనన్నారు. అభినందనలు, పూలదండలు ఇరువైపులా అందినవి. చివరకు కమిషన్ స్వయంగా ప్రకటన చేసి అసలు విజేతలెవరో తేల్చవలసి వచ్చినది.

వీటికి భిన్నమైన మార్గం ఒక తెలుగు యువకుడు చూపినాడు. జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ ఐదవ ప్రయత్నంలో, 2018 ఏప్రిల్‌లో వెలువడిన ఫలితాలలో దేశానికే ప్రథముడైనాడు. తాను చదివిన పద్ధతిని, సమాధానాలు వ్రాసే తీరును తన పేరుమీద ఉన్న వెబ్‌సైట్‌లోనే వివరించినాడు. ‘అనుదీప్ ఏమన్నాడు?’ అని వెదకేవారికి అసలు చిరునామా ఒకటి దొరికినది. ఖాళీ స్థలాన్ని ఎవరైనా ఆక్రమిస్తారు. యజమాని నివసించే ఇంటిని ఆక్రమించడం అంత సులభం కాదు.

అలాగని ఇంటి తలుపులన్నీ తెరచి ఉంచనక్కరలేదు. హాల్‌టికెట్టు ఫొటో స్నేహితులకు చూపడం ముచ్చటగానే ఉంటుంది. కాని దానిపై ఉండే అభ్యర్థి సంఖ్య, పుట్టినతేదీ తాళంచెవుల వంటివి. ఊరికి మరలిపోతూ ఢిల్లీలో వాడిన ఫోను నంబరును వదలివేయడం మామూలే. మూతపడిన నంబరును కనీసం 90 రోజులు ఆగి టెలిఫోను కంపెనీలు మరొకరికి ఇస్తాయి. ఖాతాలలో నంబరు మార్చుకొనకపోతే, వాటిని తెరిచే రహస్య సంకేతం ఆ కొత్తవారికి చేరుతుంది.

ఉద్యోగం వచ్చిన తరువాత బాధ్యత మరింత పెరుగుతుంది. 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అధికారి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదు. పత్రికలు, రేడియో ఏలుతున్న కాలంలో పుట్టిన ఆ నియమం నేడు ఫోనులోని మాటకూ వర్తిస్తుంది. విద్యార్థిగా ఆవేశంలో వ్రాసిన వాక్యానికి ఆ నియమం అడ్డు కాకపోయినా, దానిని భద్రపరచినవారు రేపు బయటపెట్టవచ్చు.

చట్టం కూడ నిస్సహాయంగా లేదు. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణతో చేరిన 66-సి, 66-డి సెక్షన్లు ఇతరుల గుర్తింపును దొంగిలించి మోసగించేవారికి మూడేళ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తున్నవి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది.

అయితే చట్టం చేరేది దొంగ పడిన తరువాతనే. ముందుగా మేలుకొనవలసినది పేరుగలవారే. మూడు నెలలకొకసారి తమ పేరును తామే వెదకి చూచుకొనుట, వాడని ఖాతాలను మూసివేయుట, అసలు ఖాతా ఏదో పదిమందికి తెలియజేయుట, ప్రతి ఖాతాకు రెండవ తాళం వేయుట: వీటికి పట్టే కాలం ఒక పూట. ర్యాంకు రాకపోయినా ఈ శ్రమ వృథా కాదు. పరీక్షలో తప్పినవారు సైతం ఇంటికి తీసుకొనిపోయేది తమ పేరునే కదా!