జోడు లేని జంట గుడ్లు

పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుందని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అట్టల లెక్కన మనం కొనే గుడ్లు దాదాపు అన్నీ అలాంటివే. అదే పని ఒక బల్లి చేస్తే మాత్రం ఇల్లంతా గుమిగూడి చూస్తుంది.

ఆ బల్లి పేరు లెపర్డ్ గెకో. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని ఎండు రాతినేలలు దాని పుట్టిల్లు. పసుపు ఒంటి మీద చిరుత మచ్చలు, మన గోడల మీది బల్లికి లేని కనురెప్పలు. దాని దగ్గరి చుట్టమొకటి మన తూర్పు కనుమల్లోనూ తిరుగుతుంది. ఇప్పుడు అమెరికాలో, ఐరోపాలో ఎన్నో ఇళ్లలో అద్దాల పెట్టెలే దాని కొండలు. అక్కడ ఒంటరిగా పెరిగి, మగదాని నీడ కూడా సోకని ఆడది ఒకనాడు తడి నాచులో రెండు గుడ్లు పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయి పడుకుంటుంది.

దాని ఒళ్లు ముందు చూసేది కాలాన్ని. కొండల్లో చలి తగ్గి, పగలు సాగి, పురుగూ పుట్రా పెరిగే రోజులొస్తాయి. ఆ వెచ్చదనం, వెలుగు, తిండి కలిసి మెదడు కింది పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపుతాయి. అక్కడి హార్మోన్లు అండాశయాలను కదిలిస్తే, అవి ఈస్ట్రోజెన్‌తో కాలేయాన్ని పనిలో పెడతాయి. కాలేయం పచ్చసొన సరుకు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఒక్కో అండాశయంలో ఒక్కో అండం దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. రెండు అండాశయాలు, రెండు గుడ్లు: చాలా గెకోల లెక్క ఇదే. ఆ రోజుల్లో పొట్టను వెలుతురుకు పట్టి చూస్తే పల్చటి చర్మం వెనక గులాబీ రంగు గుండ్రాలు కనబడతాయి.

అండం జారాక వీర్యకణం దాన్ని కలవాల్సింది అండవాహిక పైభాగంలోనే, పెంకు పడకముందే. కలిసిందా, సరే. కలవలేదా, వాహిక ఆరా తీయదు. అలవాటుగా కిందికి తోస్తూ తోలులాంటి పొర చుట్టేస్తుంది. అన్నీ ఇంతదాకా రావు. కొన్ని ఆడవి తెలివిగా అండాన్ని జారనివ్వకుండానే సొనను తిరిగి ఒంట్లోకి లాగేసుకుంటాయి. (తెలివి అన్నది నా మాట, అదీ హార్మోన్ల పనే.)

ఇంత సరుకు దండగ కదా అనిపిస్తుంది. కానీ మగది ఎప్పుడు ఎదురవుతుందో తెలియని రాళ్ల మధ్య, అది వచ్చాక సొన పోగుచేయడం మొదలుపెడితే పిల్లలకు పురుగులు దొరికే కాలం దాటిపోతుంది. ఇంకో ఉపాయమూ ఉంది: ఒకసారి జతకట్టిన ఆడది ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. అందుకే కొత్తగా కొనితెచ్చిన ‘ఒంటరి’ గెకో గుడ్లను చెత్తబుట్టలో వేయడానికి తొందరపడకూడదు. చీకటి గదిలో టార్చి వెలుగుకు పట్టి చూడాలి. గులాబీ వలయం, ఎర్రటి రక్తనాళాల గీతలు కనిపిస్తే లోపల ప్రాణముంది. ఉత్త పసుపే కనిపిస్తే అనుమానించాలి; ఫలించనివి చాలావరకు కొద్దిరోజుల్లోనే సొట్టపడి బూజు పడతాయి.

ఇళ్లలో చిక్కేమిటంటే కాలం కదలదు. హీటర్ ఆగదు, దీపం తగ్గదు, కీచురాళ్ల విందుకు లోటుండదు. నెలల తరబడి జంట తర్వాత జంట పెడుతూ పోయే ఆడవీ ఉంటాయి. పిల్ల కాని గుడ్డుకు కూడా సొన కావాలి, కాల్షియం కావాలి. తిండిలో దొరకని కాల్షియాన్ని ఒళ్లు ఎముకల నుంచి తీసుకుంటుంది. కొవ్వు దాచుకున్న లావుపాటి తోక సన్నబడుతుంది, ఎముకలు మెత్తబడతాయి, గుడ్డు లోపలే చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పురుగులకు కాల్షియం పొడి అద్ది వేసేదీ, మూలన తడి నాచు డబ్బా ఉంచేదీ ఇందుకే. మగది లేదు కదా అని ఈ రెండూ మానేసేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

మగది లేని గుడ్లన్నీ ఇలా వృథా పోవు. పసిఫిక్ దీవుల్లో మౌర్నింగ్ గెకో అని మరో బల్లి ఉంది. వాటిలో దాదాపు అన్నీ ఆడవే. మగబీజం కలవని వాటి గుడ్లు పిల్లలవుతాయి. ఆ పిల్లలూ ఆడవే, తల్లి అచ్చులే. గట్టి పెంకున్న ఆ గుడ్లను తల్లి ఆకుల సందుల్లో, చెక్క పగుళ్లలో అంటించి పోతుంది. ఓడ సరుకుతో పాటు ఒక్కటి కొత్త దీవికి చేరితే చాలు, కొన్నేళ్లకు అక్కడ ఓ బల్లుల వాడ లేస్తుంది.