నాటు తుపాకిని నమ్మొచ్చా?

పందులు చేను పాడు చేస్తాయని మా వైపు కొందరు నాటు తుపాకి ఉంచుతారు. లైసెన్సు లేకపోతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అదలా ఉంచి, దాన్ని నమ్మలేం కూడా. మందు, గుళ్లు మూతి నుంచే కూరాలి. మందు తేమ పీల్చుకుంటాది. వానాకాలం ఒక్కోసారి పేలదు, ఒక్కోసారి నొక్కిన కాసేపటికి పేలుతుంది. పేల్లేదని మూతిలోకి తొంగి చూసేరో, అంతే! మర్చిపోయి రెండోసారి కూరితే గొట్టమే పగలొచ్చు.

కంపెనీ ఒంటి గొట్టం తుపాకి చవకదైనా నయం. మధ్యలో వంచితే గొట్టం వెనకవైపు తెరుచుకుంటుంది, తూటా ఉందా లేదా కంటికే కనపడుతుంది. (కీలు వదులైతే అదీ ప్రమాదమే.)

మా తమ్ముళ్లు అటక మీద నాటుది తీసి "ఖాళీదే" అని ఆడతారు. లోపల మందు ఉందో లేదో పెట్టినాయనకే గుర్తుండదు.